అత్తగారి పీట

జర్మన్లు ఒక మొక్కకు పెట్టిన ముద్దుపేరు వింటే మన ఆడవాళ్ళలో సగంమంది నవ్వుతారు, తక్కిన సగంమంది మూతి ముడుచుకుంటారు. ఎవరు నవ్వుతారు, ఎవరు ముడుచుకుంటారు అన్నది ఆ ఇంటికి కోడలు వచ్చిందా, ఇంకా రాలేదా అన్నదాన్నిబట్టి వుంటుంది. ఆ పేరు 'అత్తగారి పీట'!

గుండ్రంగా, బోర్లించిన బుట్టలా వుంటుందది. పై నుంచి కిందికి చీర కుచ్చిళ్ళు తీర్చినట్టు మడతలు మడతలుగా పచ్చటి ఒళ్ళు. ప్రతి మడత అంచునా వరసగా బంగారు రంగు ముళ్ళు. నడినెత్తిన పసుపు రాసిన దూదిలాంటి నూగు. దూరం నుంచి చూస్తే మెత్తటి దిండులా వుండి రమ్మని పిలుస్తుంది. కూర్చుంటే తెలుస్తుంది సంగతి! ఆ పేరు పెట్టిన కోడలెవరో గానీ, సముద్రాలు దాటినా అత్తాకోడళ్ళ కథ ఒక్కటే అని మాత్రం రుజువు చేసింది.

నర్సరీవాళ్ళు దీన్ని గోల్డెన్ బ్యారెల్ కాక్టస్ అని అమ్ముతారు. బ్యారెల్ అంటే పీపా. చిన్నప్పుడు బంతిలా వున్నా, వయసు వచ్చేకొద్దీ పొడుగు సాగి పీపా ఆకారానికి వస్తుంది. ఇప్పుడిది పెద్ద పట్నాలకే పరిమితం కాదు. కొల్లాపూర్ లాంటి ఊళ్ళో, మామిడి తోటలకు పేరుపడ్డ చోట, పెరట్లో నిమ్మా కరివేపా తప్ప మరో మొక్కకు చోటివ్వని ఇళ్ళల్లో కూడా మేడమెట్ల మీద ఒక కుండీలో కనిపిస్తోంది.

"ముళ్ళచెట్టు ఇంట్లో వుంటే కలహాలు" అని పెద్దవాళ్ళు అంటారు. ఆ పెద్దవాళ్ళే దిష్టి తగలకూడదని వీధి గుమ్మానికి జెముడు ముక్క వేలాడదీస్తారు. అంటే, లోపలికి రాకూడదు గానీ బయట కాపలా కాయవచ్చునన్నమాట! పాపం, ఈ జాతి మొక్కల చరిత్ర అంతా అలాగే నడిచింది. అవసరానికి పిలిచారు, అవసరం తీరాక తరిమారు.

అన్నట్టు, జెముడు వేరు, కాక్టస్ వేరు. చూడటానికి అక్కచెల్లెళ్ళలా వుంటాయి గానీ వీటికి చుట్టరికమే లేదు. మన కొండల మీద పుట్టి పెరిగిన బొమ్మజెముడు, ఆకుజెముడు గిల్లితే పాలు కారతాయి. ఆ పాలు కంట్లో పడితే ప్రమాదమని పల్లెటూరి పిల్లలందరికీ తెలుసు. అసలు కాక్టస్‌లలో చాలావాటికి అలా పాలు కారవు. దాని ముళ్ళు చిన్న చిన్న దూది మెత్తల్లోంచి మొలుస్తాయి. ఆ మెత్త వుంటేనే కాక్టస్. వీటి పుట్టిల్లు అమెరికా ఖండాలు. చెట్లకొమ్మల మీద వేలాడే ఒకే ఒక్క రకం తప్ప, తక్కినవన్నీ కొలంబస్ ప్రయాణం తరువాత ఓడలెక్కి మిగతా ప్రపంచానికి చేరినవే.

మరి మన చేలగట్ల మీది నాగజెముడు? ఎర్రటి పళ్ళు కోసుకుతిని, నోరంతా రంగు చేసుకుని, నూగుముళ్ళు గుచ్చుకుని ఏడ్చిన బాల్యం పాలమూరు వైపు చాలామందికి వుంది. అంత మనది అనుకున్న ఆ నాగజెముడూ విదేశీయే! పాము పడగలాంటి మట్టలు చూసి మనవాళ్ళు నాగజెముడని పేరు పెట్టి, ఊళ్ళో కలుపుకున్నారు.

ఈ జాతి మన దక్షిణాదిలో చేసిన హంగామా వెనక ఒక రంగు కథ వుంది. ఆడవాళ్ళం గనుక రంగు కథ అంటే చెవి వొగ్గుతాం కదా, వినండి.

మెక్సికోలో ఒక రకం నాగజెముడు మట్టల మీద తెల్లటి బూజులాంటిది పడుతుంది. ఆ బూజు కింద చిన్న పురుగులుంటాయి. ఆడపురుగులను ఏరి, ఎండబెట్టి, నూరితే చిక్కటి ఎరుపు రంగు వస్తుంది. ఒక్క పౌను రంగుకు సుమారు 70 వేల పురుగులు కావాలి. అక్కడి ఆడవాళ్ళు ఎంతోకాలంగా నూలుకు అద్దుకుంటున్న ఆ రంగును స్పెయిన్ వాళ్ళు చూశారు. మెక్సికో నుంచి వెళ్ళే సరుకుల్లో వెండి తరువాత దానికే విలువ అన్నంతగా వ్యాపారం చేశారు. రహస్యం బయటికి పొక్కకుండా కాపలా పెట్టారు.

ఇంగ్లీషువాళ్ళ సైనికులకు ఎర్రకోట్లు కావాలి. రంగేమో స్పెయిన్ గుప్పిట్లో వుంది. అందుకని ఈస్టిండియా కుంఫిణీ కన్ను మన దేశం మీద పడింది. మద్రాసులో కుంఫిణీ వైద్యుడు డాక్టర్ జేమ్స్ ఆండర్సన్ 1780ల చివరలో ఈ పనికి నడుం కట్టాడు. సైదాపేటలో జెముడు మొక్కల కోసమే తోట వేశారు. పీటలన్నీ వేసి, విస్తళ్ళు పరిచి, పెళ్ళికొడుకు కోసం ఎదురుచూసినట్టు, మొక్కలు పెంచి పురుగుల కోసం కూర్చున్నారు! చివరికి 1795లో కెప్టెన్ నీల్సన్ అనే ఆయన, తన ఓడ రియో డి జనీరోలో ఆగినప్పుడు, పురుగు పట్టిన మట్టలు సంపాదించి కలకత్తా చేర్చాడు. అక్కణ్ణించి అవి మద్రాసు వచ్చాయి.

తీరా చూస్తే వచ్చింది మేలుజాతి పురుగు కాదు, నాసిరకం. రంగు తక్కువ, ఆకలి ఎక్కువ! రంగు వ్యాపారం పుంజుకోలేదు గానీ, ఆ పురుగు మాత్రం తోటల్లోని మొక్కల్నీ, తోటలు దాటి ఊళ్ళకు పాకిన జెముడునీ తినేసింది. "పోనీ, పీడ విరగడయింది" అనుకునేలోగా ఆ పురుగుకు రుచించని మరో రకం, అంటే మన నాగజెముడు, ఖాళీ అయిన చోటంతా ఆక్రమించింది. పశువులకు మేత లేకుండా, మనుషులకు నడిచే దారి లేకుండా బీళ్ళన్నీ కమ్మేసింది. చివరికి 1926లో సింహళం నుంచి ఇంకో జాతి పురుగును తెచ్చి వదిలితే, ఐదారేళ్ళలో దక్షిణాదిలో సుమారు లక్ష ఎకరాల మేర జెముడు ఎండిపోయింది. పురుగుతో కలుపును అణచడమెలాగో ప్రపంచం నేర్చుకున్న తొలి పాఠాల్లో ఇదొకటి. రంగు కోసం మొదలైన కథ కంచెలు, బీళ్ళు, పురుగుల దాకా నూటముప్పై ఏళ్ళపాటు నడిచింది.

దురాశతో తెచ్చిన మొక్క అలా వుంటే, ముచ్చటపడి తెచ్చుకున్న మొక్క కథ ఇంకోలా నడిచింది. మన అత్తగారి పీట ఆ రెండో రకం.

19వ శతాబ్దంలో జర్మనీలోని మాగ్డెబుర్గ్ పట్టణంలో హెర్మన్ గ్రూసన్ అనే కార్ఖానాదారు వుండేవాడు. కోటల మీది ఫిరంగులకు పోతఇనుప కవచాలు చేయడం ఆయన వృత్తి. కాక్టస్ మొక్కలు సేకరించడం ఆయన సరదా. పగలంతా ఇనుప కవచాలు, సాయంత్రం ముళ్ళ కవచాలు! మెక్సికో నుంచి కొత్తగా వచ్చిన ఈ బంగారు ముళ్ళ మొక్కకు హిల్డ్‌మన్ అనే బెర్లిన్ నర్సరీ ఆయన గ్రూసన్ పేరే పెట్టాడు: ఎకైనోకాక్టస్ గ్రూసోనియై. గ్రూసన్ 1895లో కన్నుమూశాడు. ఆయన మొక్కలు ఊరి పరమయ్యాయి. 1896లో వాటికోసం కట్టిన అద్దాల ఇళ్ళను జనానికి తెరిచారు. మాగ్డెబుర్గ్‌లో ఆ పేరుతో అవి ఇప్పటికీ వున్నాయి. ఆయన చేసిన ఫిరంగి కవచాలు ఎందరికి గుర్తున్నాయో గానీ, ఈ మొక్క మాత్రం ఆయన పేరును ప్రపంచమంతా మోసుకు తిరుగుతోంది.

ఇంకో తమాషా చెప్పనా? మొక్కల శాస్త్రంలో మొదటిది ఇంటిపేరు, రెండోది సొంతపేరు లాంటిది. ఈ మొక్క ఎకైనోకాక్టస్‌ల కుటుంబానికి చెందదని 2014లో దాని ఇంటిపేరు మార్చి క్రోయిన్‌లైనియా అన్నారు. మొనాకోలోని కాక్టస్ తోటను నడిపించిన మార్సెల్ క్రోయిన్‌లైన్ జ్ఞాపకార్థం పెట్టిన పేరది. వందేళ్ళు దాటాక ఇంటిపేరు మారినా సొంతపేరు గ్రూసోనియై అలాగే వుంది. ఒక్క పెళ్ళితో మారిపోయే మనకంటే నయమే!

ఇక ఇంట్లో పెంచే సంగతికి వస్తాను. ఏ కోడలినైనా అర్థం చేసుకోవాలంటే పుట్టింటి తీరు తెలియాలంటారు. కాక్టస్ అనగానే మనకు ఇసుకమేటల ఎడారి గుర్తుకొస్తుంది. దీని పుట్టిల్లు అది కాదు. మెక్సికో నడిమధ్య ఎత్తయిన ప్రాంతంలో, నదులు కోసుకుపోయిన లోతైన లోయల్లో, నిటారుగా నిలిచిన సున్నపురాళ్ళ గోడల మీద రాతి పగుళ్ళలో వేళ్ళూనుకుని పెరుగుతుంది. వాన పడుతుంది, కానీ చుక్క నిలవదు. ఎండ కాస్తుంది, కానీ అది మన ఏప్రిల్, మే నెలల వడగాడ్పు కాదు. ఈ రెండు ముక్కలూ గుర్తుంటే పెంపకం సగం వచ్చినట్టే.

మట్టికుండీ అన్నిటికంటే మంచిది. మొక్కకంటే రెండు మూడు వేళ్ళు వెడల్పుంటే చాలు. పెద్ద కుండీలో పెడితే మట్టికి తడి ఆరదు. ఒక పాలు ఎర్రమట్టి, ఒక పాలు గరుకు ఇసుక, ఒక పాలు చితక్కొట్టిన ఇటుక ముక్కలు, బాగా చివికిన పశువుల ఎరువు ఒక గుప్పెడు. నల్లరేగడి మాత్రం వద్దు, తడిని పట్టుకుని వదలదు. అడుగు చిల్లు మీద పెంకుముక్క బోర్లించండి. నాటేటప్పుడు పాత వార్తాపత్రిక నాలుగు మడతలు వేసి, నడుముకు వడ్డాణంలా చుట్టి, రెండు చివరలూ పట్టుకుని ఎత్తితే చేతికి ముల్లు తగలదు. నాటిన వారం దాకా నీళ్ళు పోయకండి. తెగిన వేళ్ళు మానాలి.

నీళ్ళు ఎప్పుడు పొయ్యాలో చెప్పడానికి చీపురు పుల్లే చాలు. మట్టిలోకి గుచ్చి తియ్యండి. మన్ను అంటుకుని వచ్చిందంటే ఇంకా తడి వుంది. శుభ్రంగా వస్తే కుండీ అడుగునుంచి కారేదాకా పోసి, మళ్ళీ పుల్ల శుభ్రంగా వచ్చేదాకా దాని జోలికి పోకండి. రోజూ చెంచాడు చెంచాడు పొయ్యడం తప్పు. నెత్తిమీద పొయ్యడం మరీ తప్పు. వానాకాలంలో చూరు కిందికి జరపండి. చలికాలంలో నెలకొకసారి చాలు. నిండా తాగినప్పుడు ఆ కుచ్చిళ్ళు విచ్చుకుంటాయి, దప్పికయినప్పుడు దగ్గరకు ముడుచుకుంటాయి. ఒళ్ళు పగలకుండా లావెక్కడానికీ చిక్కడానికీ దేవుడిచ్చిన ఏర్పాటది. పగలు ఎండలో తేమ పోకుండా తన శ్వాసరంధ్రాలు మూసుకుని, రాత్రి చల్లబడ్డాక తెరుస్తుంది. ఇంత పొదుపరి గృహిణి ఎక్కడుంటుంది చెప్పండి!

నర్సరీ నీడలోంచి తెచ్చినదాన్ని ఒక్కసారిగా మే నెల ఎండలో పెడితే ఒళ్ళు కాలి తెల్లమచ్చలు పడతాయి. అవి ఇక పోవు. మొదట పొద్దుటి ఎండ, తరువాత కొద్దికొద్దిగా ఎక్కువ. నడివేసవిలో మిట్టమధ్యాహ్నం కాస్త నీడ కావాలి. వెలుతురు వైపు వొరగకుండా కుండీని పదిహేను రోజులకోసారి పావు వంతు తిప్పండి. మడతల సందుల్లో తెల్లటి పిండిలాంటిది కనిపిస్తే పిండినల్లి పట్టిందన్నమాట. స్పిరిట్‌లో ముంచిన దూదిని పుల్లకు చుట్టి తుడవండి. కుంఫిణీవాళ్ళు ఓడల్లో తెప్పించుకున్న రంగుపురుగుకు ఈ పిండినల్లి దూరపు బంధువే. వాళ్ళు బహుమానాలు ప్రకటించి పిలిచిన చుట్టాన్ని మనం దూదితో పంపించేస్తున్నాం!

ఇన్ని చెప్పినా, నూటికి తొంభై ఇళ్ళల్లో ఈ మొక్క చచ్చేది దప్పికతో కాదు, ప్రేమతో. చూసినప్పుడల్లా జాలిపడి గ్లాసెడు నీళ్ళు పోస్తాం. పైకి పచ్చగానే వుంటుంది. లోపల వేళ్ళు కుళ్ళి, ఒకనాడు చెయ్యి వేస్తే మొదలంటా వొరిగిపోతుంది. నీళ్ళే దానికి గండం.

ఆ గండం కుండీలోనే కాదు, పుట్టింట్లోనే దాన్ని వెతుక్కుంటూ వచ్చింది. 1990లలో మెక్సికోలో కెరెతరో, ఇదాల్గో రాష్ట్రాల నడుమ మోక్తెసుమా నది మీద సిమపాన్ ఆనకట్ట కట్టారు, విద్యుత్తు కోసం. ఈ మొక్క సహజంగా పెరిగే చోటే బహు కొద్ది. అందులో పెద్ద భాగం ఆ జలాశయం కింద మునిగిపోయింది. నీళ్ళు రాకముందే కొందరు మొక్కల ప్రేమికులు లోయలోకి దిగి, చేతనైనన్నిటిని తవ్వి తోటలకు తరలించారు. తక్కినవి, వాటిలో తాతలనాటివి కూడా, నిలుచున్న చోటనే నీటిపాలయ్యాయి. తరువాత దూరంగా సకతేకస్ రాష్ట్రంలో మరికొన్ని కనబడ్డా, అడవిలో అంతరించే ప్రమాదమున్న మొక్కల్లోనే దీన్ని లెక్కిస్తున్నారు. ప్రపంచంలో లక్షలాది కుండీల్లో వుంది, పుట్టినచోట మాత్రం కరువైంది. దీనికంటే పెద్ద దాయాది ఒకటుంది. దాని గుజ్జును పాకంపట్టి, మన బూడిదగుమ్మడి పేఠాలాగా మిఠాయి చేసుకునేవారు. అదీ తరిగిపోవడంతో అడవిలో దాన్ని నరకడాన్ని చట్టం నిషేధించింది.

ఎడారి మొక్క నీటమునగడం! ఈ మాట తక్కినవాళ్ళకు వింతగా వుంటుందేమో గానీ, కొల్లాపూర్ వాళ్ళకు వుండదు.

కొల్లాపూర్ ఒకప్పటి జటప్రోలు సంస్థానానికి రాజధాని. సురభి వంశపు రాజుల కోట వున్న ఊరు. పాత మహబూబ్‌నగర్ జిల్లాలో వుండి, 2016 నుంచి నాగర్‌కర్నూల్ జిల్లాలో చేరింది. ఒకవైపు నల్లమల, ఒకవైపు కృష్ణ. కృష్ణ పక్కనే వున్నా గుక్కెడు నీళ్ళకు మొగం వాచిన నేల. దేశంలో ఎక్కడ ఆనకట్ట కట్టినా మట్టి మొయ్యడానికి మూటాముల్లే కట్టుకుని వెళ్ళిన పాలమూరు కూలీల నేల. ఆ నేల గుమ్మంలోకే 1963లో శంకుస్థాపన జరిగిన శ్రీశైలం ఆనకట్ట నీళ్ళు వచ్చాయి. కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో కలిపి వందకు పైగా పల్లెలు మునకలో పోయాయి. 1981లో ఇళ్ళు ఖాళీ చేయించి కూలగొట్టారు. దేవుళ్ళు కూడా వలస వెళ్ళారు. మంచాలకట్టలో వున్న మాధవస్వామి గుడిని రాయి రాయిగా విప్పి, కొల్లాపూర్‌కు తెచ్చి మళ్ళీ పేర్చారు. సోమశిల గుడినీ పైకి తరలించారు. ఆవలి ఒడ్డున సంగమేశ్వరం గుడి మాత్రం అక్కడే వుండిపోయి, వేసవిలో జలాశయం తగ్గినప్పుడు కొన్నాళ్ళు బయటపడి, మళ్ళీ మునిగిపోతుంది.

మునకలో ఊరు పోయి కొల్లాపూర్ వచ్చి స్థిరపడిన ఒక అవ్వ మా వీధికి ఆకుకూరలు తెచ్చేది. కుండీలోని బంగారు ముళ్ళ బంతిని చూసి ఒకసారి నవ్వింది. "వానకు మొక్కేటోళ్ళం మేము. వాన వడితె సచ్చె చెట్టును తెచ్చిపెట్టుకుంటివా బిడ్డా!" అంది. ఆనకట్ట కింద దాని ఊరు మునిగిపోయిన సంగతి చెప్పాను. అవ్వ నవ్వు ఆగింది. గంప దించి, దాని ఎదురుగా చతికిలబడింది.

"మా ఊరి లెక్కనే?" అంది.

"అవును అవ్వా, అట్లనే."

చాలాసేపు దాన్నే చూసింది. తరువాత గంప ఎత్తుకుంటూ, "మనిషైనా చెట్టైనా ఊరు వోయినంక యేడ నాటితె ఆడనే ఏరు దింపాలె గద. గని బిడ్డా, కొత్త మట్టిల పెట్టి ఊకె కదిలియ్యకు. ఊకె కదిలిస్తె ఏది బతుకది" అని వెళ్ళిపోయింది.

మొక్కల పుస్తకాలు కుండీ మార్చడం గురించి పేజీలు పేజీలు రాస్తాయి. అవ్వ ఒక్క మాటలో చెప్పింది. పరిహారం డబ్బు చేతికి వచ్చేదాకా ఒక చోట, వచ్చాక ఒక చోట, పని దొరికిన చోట ఇంకో చోట, ఇలా ఎన్నిసార్లు తనను పెకలించి నాటారో ఆమెకే తెలుసు.

అందుకే, కొనబోయే ముందు ఒక్క మాట. ఎక్కడి కొండ మీదనుంచో పెకలించి తెచ్చిన పెద్ద మొక్క మీద మోజు పడకండి. విత్తనంతో మొలిపించిన చిన్నది తెచ్చుకోండి. నిమ్మకాయంత మొక్క చవకగా దొరుకుతుంది. ఇది సాధారణంగా పిలకలు వెయ్యదు. ప్రతి బంగారు బంతీ ఒక గింజ నుంచి రావలసిందే. దీనికి తొందర అంటే ఏమిటో తెలియదు. పదిహేను, ఇరవై ఏళ్ళు గడిచి, ఒళ్ళు సుమారు 35 సెంటీమీటర్ల వెడల్పయ్యాక, మంచి ఎండ దొరికితే, నడినెత్తి నూగులోంచి చిన్న చిన్న పసుప్పచ్చ పూలు పూస్తుంది. ఇంట్లో ఆడపిల్ల పుట్టిన ఏడు గింజ నాటితే, ఆ పిల్ల కాలేజీ చదువులకొచ్చే నాటికి మొదటి పువ్వు చూస్తుందేమో. ఆ పిల్ల అత్తగారయ్యే నాటికి ఇది నిజంగానే పీటంత అవుతుంది.

అప్పుడు ఆ ఇంటి కోడలు దానికి ఏం పేరు పెడుతుందో, అది ఆ అత్తగారి మంచితనం మీద ఆధారపడి వుంటుంది.